ఆఫీసులో ఆయుధ పూజ, టైమ్‌షీట్, అద్దె రసీదు: క్రైస్తవుడు ఎక్కడ గీత గీయాలి?

షోలింగనల్లూరు_అబ్బాయి:

అందరికీ వందనాలు. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు పక్కన పల్లె, తాతల నాటి నుంచి బాప్టిస్టులం. ఉద్యోగం చెన్నైలో, ఓఎంఆర్ మీద. ఆదివారం తెలుగు ఆరాధనకు తప్పకుండా వెళ్తాను. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, కొన్ని వారాలుగా ఒకటే అంశం పట్టుకున్నారు, లోకంలో ఉండండి గానీ లోకస్థుల్లా ఉండకండి అని. వింటున్నప్పుడు బాగానే ఉంటుంది, ఆమెన్ కూడా గట్టిగానే అంటాను, సోమవారం లాగిన్ అయ్యాక ఆ మాటను ఎక్కడ వాడాలో మాత్రం అర్థం కావట్లేదు.

నేను మందు తాగను. టీమ్ పార్టీకి వెళ్తే లైమ్ సోడా పట్టుకుని ఓ మూల కూర్చుంటాను, బిల్లు మాత్రం తాగినవాళ్ళతో సమానంగా పంచుతారు, అదో బాధ. "ఫాదర్ వచ్చాడ్రా" అని ఎక్కిరిస్తారు, అలవాటైపోయింది. బూతు జోకుల గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఇవన్నీ నాకు కష్టమే కాదు.

దసరా దగ్గరికొస్తోంది కదా, ఇక్కడ ఆఫీసుల్లో ఆయుధ పూజ పెద్ద హడావుడి. ప్రతి మానిటర్‌కీ గంధం, కుంకుమ బొట్టు. బూడిద గుమ్మడికాయకు పైన చిన్న మూత కోసి, లోపల కుంకుమా చిల్లరా వేసి, మీద కర్పూరం వెలిగించి, గేటు ముందు పగలగొడతారు. తర్వాత సుండల్ (గుగ్గిళ్ళు), పొరి (మరమరాలు) పంచుతారు. ఇన్నేళ్ళూ ఆ టైముకి టీకి వెళ్ళిపోయేవాణ్ణి. ఈసారి ఫ్లోర్ కమిటీలో నా పేరు వేశారు. డబ్బులు వసూలు చేసి, పూలు, గుమ్మడికాయలు కొనుక్కురావడం నా పని. కుదరదంటే టీమ్‌లో కలవడు అంటారు, ఒప్పుకుంటే నా మనస్సాక్షి ఊరుకోదు. సుండల్ సంగతి కూడా చెప్పండి, తినొచ్చా, తినకూడదా?

ఇంకోటి. ఈ మధ్య మా ప్రాజెక్టులో పని తగ్గింది, రోజుకి మూడు నాలుగు గంటలు కూడా ఉండట్లేదు. మేనేజర్ మాత్రం టైమ్‌షీట్‌లో క్లయింట్ కోడ్ కింద ఎనిమిది గంటలూ వేయమంటున్నాడు. "అందరూ వేసేదే, నువ్వొక్కడివే ఎందుకు ఆలోచిస్తావ్" అన్నాడు. ఇది అబద్ధమా, లేక ఆఫీసు పద్ధతి అనుకుని వదిలేయాలా?

అలాగే పన్ను మినహాయింపు కోసం జనవరిలో ఆఫీసుకి ఇచ్చే అద్దె రసీదు. ఫ్లాట్‌లో నా వాటా నెలకి 9,000. రూమ్మేట్లు 22,000 అని రాసిస్తారు, ఒకతని బావ పాన్ నంబరు కూడా ఇస్తాడట. నన్నూ అలాగే చేయమంటున్నారు.

మిగతాదంతా దేవుని దయ వల్ల బాగానే ఉంది. పెళ్ళి కూడా కుదిరేలా ఉంది, మనవాళ్ళే, విశ్వాసుల కుటుంబం, అమ్మాయి వేలూరులో నర్సు. ఫ్లాట్ అడ్వాన్సుకి వాళ్ళు కొంత సర్దుతామన్నారు, అది నాన్న చూసుకుంటున్నారు కాబట్టి నాకు టెన్షన్ లేదు. పై మూడింటి గురించే చెప్పండి.

ఇరుకుమార్గం:

బ్రదర్, ఇందులో ఆలోచించడానికేముంది? పూజ కమిటీలోంచి ఈరోజే పేరు తీయించుకోండి. సుండల్ ముట్టొద్దు. దానియేలు రాజు భోజనం వద్దన్నాడు, అతని స్నేహితులు ముగ్గురూ అగ్నిగుండంలో పడడానికైనా సిద్ధపడ్డారు గానీ ప్రతిమ ముందు వంగలేదు. మనకిక్కడ అగ్నిగుండం ఏమీ లేదు, మహా అయితే అప్రైజల్‌లో ఒక మార్కు తగ్గుతుంది. అసలు పార్టీకి వెళ్ళి మూల కూర్చోవడం ఏంటి? మనం కూర్చునే చోటు కూడా సాక్ష్యమే. వాళ్ళతో తిని, వాళ్ళతో తిరిగి, లోపల మాత్రం వేరుగా ఉన్నాను అంటే ఎవరు నమ్ముతారు? ఈ రోజుల్లో సంఘంలో యవ్వనస్థులు చల్లారిపోవడానికి కారణం ఇదే, కొంచెమేగా, కొంచెమేగా అనుకుంటూ ఒక్కో మెట్టూ దిగిపోవడం. కఠినంగా చెప్పాను అనుకోకండి, ప్రేమతోనే.

పెరంబూరు_అక్క:

తమ్ముడూ, నీ పోస్టు మొదటిసారి చదివి సుండల్ గురించి రాద్దామనుకున్నా. రెండోసారి చదివితే చివరి పేరా దగ్గర ఆగిపోయా. సుండల్‌కి ఒక పేరా రాశావు, గుమ్మడికాయ ఎలా కోస్తారో కూడా రాశావు. పెళ్ళికొచ్చేసరికి "కొంత సర్దుతామన్నారు, నాకు టెన్షన్ లేదు" అని ఒక్క ముక్కలో దాటేశావు. దోమను వడకట్టి ఒంటెను మింగేవాళ్ళ గురించి ప్రభువు ఎవరితో అన్నాడో నీకు తెలుసు కదా, గుడికి క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళతోనే అన్నాడు.

ముందు నువ్వడిగినవి చెప్తా. సుండల్ విషయంలో పౌలు కొరింథువాళ్ళకి రాసింది పదో అధ్యాయంలో ఉంది, తీరిగ్గా చదువు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తిను, ఆరాలు తీయకు అన్నాడు. ఇది విగ్రహానికి అర్పించింది అని ఒకరు చెప్తే మాత్రం, చెప్పినవాడి కోసం తినొద్దన్నాడు. అంతే, అదేదో పాషాణం అయిపోతుందని కాదు. నేను నా పక్కింటావిడ నవరాత్రి కొలువుకి పిలిస్తే వెళ్తాను, బొమ్మలు చూస్తాను, బాగున్నాయని చెప్తాను, ప్రసాదం ఇస్తే నేను తీసుకోనమ్మా అని నవ్వుతూ చెప్తాను, ఆవిడ నాకోసం విడిగా కాఫీ పెడుతుంది. ముప్పై ఏళ్ళ స్నేహం మాది, ఇంతవరకూ చెడలేదు. కమిటీ సంగతి, పూజ సామాన్లు నేను కొనలేను, ఆరోజు భోజనాల ఏర్పాటో, శుభ్రం చేయించడమో ఏదైనా ఇవ్వండి అని అడుగు. సిరియా సేనాపతి నయమాను కథ గుర్తుందా? కుష్ఠు నయమై మన దేవుణ్ణి నమ్ముకున్నాక కూడా వాళ్ళ రాజు రిమ్మోను గుడికి వెళ్తే చేయి ఆసరా ఇవ్వాల్సిన ఉద్యోగం ఆయనది. అది చెప్పుకుని క్షమాపణ అడిగితే ఎలీషా తిట్టలేదు, నెమ్మదిగా వెళ్ళు అన్నాడు. ఉద్యోగాల్లో ఉండే ఇరుకు ప్రవక్తకి కూడా తెలుసు. ఇరుకుమార్గం గారు ఏమన్నా అనుకోనీ.

ఇప్పుడు పెళ్ళి. నా పెళ్ళి గురించి చెప్తా, విను. మా నాన్న నెల్లూరు నుంచి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నా ప్రధానం (నిశ్చితార్థం) రోజు పళ్ళెంలో పట్టుచీర, దాని మీద బైబిలు, బైబిలు కింద కవరు. పాస్టరుగారు ఆ పళ్ళెం మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆ కవర్లో ఉన్నది మా నాన్న పీఎఫ్ లోన్. ఎవ్వరూ కట్నం అనే మాట అనలేదు, "పిల్లకి మీరు పెట్టుకునేది" అన్నారు. మా చెల్లికి నర్సింగ్ ఫీజు కట్టలేక ఒక ఏడాది ఇంట్లో కూర్చోబెట్టారు, ఆ లోన్ తీరేదాకా. ఆ ప్రార్థనలో ఒక్క పదం కూడా నాకు ఇప్పుడు గుర్తులేదు, కవరు మాత్రం గుర్తుంది.

నువ్వు పెళ్ళాడబోయే అమ్మాయి కూడా నర్సే అన్నావు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఆ అడ్వాన్సు ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో అడిగావా? చట్టం సంగతి కూడా చెప్తున్నా, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం క్రైస్తవులకూ వర్తిస్తుంది, తీసుకున్నా, ఇచ్చినా తప్పే, ఐదేళ్ళకు తక్కువ కాకుండా జైలు అని రాసుంది. కానీ నేను చట్టం కోసం చెప్పట్లేదు. మీ ఆఫీసులో తాగే కుర్రాళ్ళు, పూజ చేసే కుర్రాళ్ళు పెళ్ళికి ఏం చేస్తున్నారో నువ్వూ అదే చేస్తున్నావు. మరి వేరుగా ఉన్నది ఎక్కడ, లైమ్ సోడా దగ్గరేనా?

ఇంకోమాట, "మనవాళ్ళే" అన్నావు. విశ్వాసులని రాయకముందే ఆ మాట రాశావు. దాని అర్థం నీకూ తెలుసు, నాకూ తెలుసు. క్రైస్తవ పెళ్ళి సంబంధాల పేజీల్లో "క్రిస్టియన్" పక్కన కులం పేరు లేని ప్రకటన ఎన్నిటికి ఒకటి కనిపిస్తుందో చూడు. అమ్మాయి మంచిదైతే చేసుకో, నేను కాదనను. అయ్యగారు చెప్పిన లోకం ఆఫీసులోనే ఉందనుకోకు అంతే.

పక్క_సీటు:

నేను క్రైస్తవుణ్ణి కాదు, పక్క టాపిక్ చూస్తూ ఇటొచ్చాను, అభ్యంతరం లేకపోతే ఒక మాట. మీరు సుండల్ తిన్నారా లేదా అని మేమెవ్వరం గమనించం, నిజం. కమిటీ పని వద్దు అంటే ఇంకొకరికి ఇస్తారు, ఐదు నిమిషాల వ్యవహారం, మీరే లోపల పెద్దది చేసుకుంటున్నారు. మేం గమనించేది వేరే. మా టీమ్‌లో ఒకాయన డెస్క్ మీద వాక్యం క్యాలెండర్, ఫోన్ రింగ్‌టోన్ కూడా స్తుతి పాటే, ప్రొడక్షన్ (క్లయింట్ వాడే అసలు సిస్టమ్) పడిపోయిన రోజు మాత్రం తప్పంతా కొత్తగా చేరిన అమ్మాయి మీదకి తోసేశాడు. ఇంకొకావిడ, ఆవిడా చర్చికి వెళ్ళేదే అని రిజైన్ చేసిన రోజు దాకా మాకు తెలియదు, ఆవిడ మాత్రం తప్పు తనదైతే కాల్‌లో అందరి ముందూ చెప్పేది. ఎవరు మీ మతానికి మంచి పేరు తెచ్చారో చెప్పక్కర్లేదు అనుకుంటా. ఆ బిల్లు సమానంగా పంచడం మాత్రం అన్యాయం, దాని మీద నేను మీ పక్షం.

కీల్పాక్_విద్యార్థి:

థియాలజీ చదువుతున్నాను, అందుకని దానియేలు గురించి ఒక చిన్న సంగతి. ఇరుకుమార్గం అన్న చెప్పింది సగమే. దానియేలు భోజనం వద్దన్నాడు గానీ బబులోను పేరు పెడితే ఊరుకున్నాడు, కల్దీయుల భాషా విద్యా నేర్చుకున్నాడు, వాళ్ళ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేశాడు. తర్వాత శత్రువులు అతని మీద తప్పు పట్టాలని లెక్కలన్నీ వెతికితే ఏమీ దొరకలేదు, ఆరో అధ్యాయంలో ఉంది. అంటే ఆయన టైమ్‌షీట్ సరిగ్గా ఉంది, అక్కడ చూడండి.

రెండో శతాబ్దంలో డయోగ్నెటస్ అనే ఆయనకు ఎవరో రాసిన ఉత్తరం ఒకటి మాకు పాఠంగా ఉంది, రాసిందెవరో పేరు దొరకలేదు. అందులో క్రైస్తవులు దేశంలోగానీ భాషలోగానీ ఆచారాల్లోగానీ మిగతావాళ్ళకంటే వేరు కాదు అని మొదలుపెడతాడు. బట్టలు, తిండి అన్నీ ఆ ఊరివాళ్ళ లాగే. అందరిలాగే పెళ్ళాడతారు, పిల్లల్ని కంటారు, కానీ పుట్టిన పిల్లల్ని పారేయరు అంటాడు. అప్పట్లో రోమా సామ్రాజ్యంలో అక్కర్లేని పసికందుల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, బయట వదిలేయడం మామూలే. మన వేరుతనం అక్కడ కనపడింది. వేషంలో ఎవరూ గుర్తుపట్టలేదు.

బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి మేమేం చేయాలి అని అడిగితే, ఉద్యోగం మానేయండి అనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులకు, ఎవర్నీ బెదిరించి గుంజొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. లూకా మూడో అధ్యాయం. ఎవరొచ్చి అడిగినా ఆయన చెప్పినవన్నీ డబ్బూ బట్టా తిండీ గురించే, గమనించండి.

కాలువగట్టు:

మాదీ ఒంగోలు పక్కే, అందుకే ఈ పోస్టు కదిలించింది. అబ్బాయీ, నువ్వు రోజూ షోలింగనల్లూరు నుంచి ఈసీఆర్ వైపు వెళ్ళే లింకు రోడ్డు మీద ఒక కాలువ దాటుతావు చూడు, నల్లటి నీళ్ళు, ముక్కు మూసుకుంటాం. అదే బకింగ్‌హామ్ కాలువ. అదే కాలువ పైకి మన ఒంగోలు వైపుకీ వెళ్తుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో అక్కడ మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు జాన్ క్లౌ దొర తీసుకున్నాడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, అంతకుముందు సర్వే పని చేసినవాడు. ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలి దొరకాలని. మీ తాతల తాతలూ మా తాతల తాతలూ ఆ మట్టి మోసినవాళ్ళే అయ్యుండొచ్చు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. జనం మేం చేరతామని వెంటపడుతున్నా ఇవ్వలేదు, గింజల కోసం చేరారు అనే మాట రాకూడదని. సాయం పని ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. ఈ రోజుల్లో మన దగ్గర పెద్ద మీటింగుల పోస్టర్లు చూస్తుంటే, సంఖ్య పెరిగే అవకాశం చేతికొచ్చినా వద్దనుకున్న ఆ సంగతి గుర్తొస్తుంటుంది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. అంతకుముందే, 1866లో యర్రగుంట్ల పేరయ్యతో మొదలైన ఆ మాదిగ విశ్వాసులు పల్లెల్లో మూడు పనులు మానేశారు. చచ్చిన పశువు మాంసం తినడం, ఊరి జాతరలో డప్పు కొట్టడం, ఆదివారం పని. ఇప్పుడు వింటే మామూలుగా ఉంటుంది, అప్పట్లో డప్పు కొట్టనంటే జాతరే ఆగిపోతుంది. కోతలప్పుడు ఆదివారం రానంటే పెద్ద రైతుకి ఒళ్ళు మండుతుంది. బావి దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, కొట్టారు, కేసులు పెట్టారు. వాళ్ళ వేరుతనానికి ఖరీదు ఉంది, అది వాళ్ళ ఒంటి మీద, తిండి మీద పడింది. పైగా అది ఉత్త నియమం కాదు. ఆ మూడు పనులూ వాళ్ళని కింద ఉంచిన పనులే, మానేయడమంటే నేను నీ కింద లేను అని ఊరికి చెప్పడమే.

దానితో పోలిస్తే నేను సినిమాకి వెళ్ళను, బొట్టు పెట్టుకోను, పార్టీలో సోడా తాగుతాను అనేది మనకి ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఇవి తప్పని అనట్లేదు. అక్క చెప్పిన కవరు వద్దంటే ఖర్చవుతుంది. ఫ్లాట్ ఐదేళ్ళు వెనక్కి పోతుంది, ఊళ్ళో నాన్న పరువు పోయిందంటాడు. టైమ్‌షీట్‌లో నాలుగు గంటలే వేస్తే బెంచ్ మీదకి, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, పంపొచ్చు. మన పెద్దలు చేసినదానికి ఇవే దగ్గర అని నాకనిపిస్తుంది.

ఇరుకుమార్గం:

కాలువగట్టు గారూ, చరిత్ర బాగా చెప్పారు, తెలియని సంగతులున్నాయి. అక్క మాటకి కూడా నేను అడ్డు చెప్పను, కట్నం పాపమే, మా సంఘంలో దాని మీద వాక్యం విని చాలా కాలమైంది, అది ఒప్పుకోవాలి. కానీ ఖరీదు సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఆదివారం చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ, దాంతో సీటు, దాంతో ఉద్యోగం. దీని మీద ఎవరూ నోరెత్తరేం? ఇది లోకం కాదా?

కాలువగట్టు:

అడగాల్సిన ప్రశ్నే, కానీ ఎవరి మీద వేలు పెడుతున్నారో చూసుకుని అడగాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రాల్లో మారినవాళ్ళకి బీసీ-సి కోటా, ఒక్క శాతం. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊరి చివర ఇల్లు ఊరి మధ్యకి రాదు, టీ కొట్టు దగ్గర చూపు మారదు. దెబ్బ అలాగే ఉంటుంది, మందు మాత్రం ఆపేస్తారు. ఆ కాగితం మీద సంతకం పెట్టే తండ్రిని వేదిక మీద నుంచి అబద్ధికుడు అనడం నాకు చేతకాదు. నేను బీసీ-సి మీదే చదువుకున్నాను, నా తమ్ముడు వేరే దారి పట్టాడు, మేమిద్దరం క్రిస్మస్‌కి ఒకే బల్ల దగ్గర తింటాం, ఈ విషయం మాత్రం మాట్లాడుకోం. అగ్రకులం నుంచి వచ్చిన విశ్వాసులు మతం మారినా భూమీ పోదు, పేరు చివర తోకా పోదు, వాళ్ళని ఈ ప్రశ్న అడిగేవాడు లేడు. ఈ పోస్టుకి దీనితో సంబంధం లేదు, విడిగా పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

జీతాలబల్ల:

పేరోల్‌లో పనిచేస్తాను, వాక్యం జోలికి పోను, అది మీరందరూ చూసుకున్నారు. అద్దె, టైమ్‌షీట్ గురించి రెండు ముక్కలు.

అద్దె రసీదు విషయం. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి, మీది నిజం లెక్కయినా 1,08,000 కాబట్టి ఎలాగూ ఇవ్వాలి. ఆ బావగారి పాన్ వేస్తే, 22,000 చొప్పున ఏడాదికి 2,64,000 ఆయనకి అద్దె ఆదాయం వచ్చినట్టు మీరు ప్రభుత్వానికి చెప్తున్నారన్నమాట, ఆయన రిటర్న్‌లో అది ఉండదు. కంప్యూటర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, ఈ మధ్య ఇలాంటివాటికి నోటీసులు వస్తున్నాయి. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం పెనాల్టీ, వడ్డీ అదనం. ఇంకో తమాషా, ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపే లేదు. 9,000 అద్దెకి, వేరే పొదుపులు పెద్దగా లేకపోతే, కొత్త విధానమే మీకు లాభం కావచ్చు, లెక్క వేసి చూడండి. చాలామంది లెక్క వేయకుండానే దొంగ రసీదు రాస్తారు, తీరా చూస్తే దాని అవసరమే ఉండదు, అది చూసి నాకు నవ్వొస్తుంది.

టైమ్‌షీట్ ఇంకా సీరియస్. క్లయింట్ గంటలకి డబ్బు కట్టే కాంట్రాక్టు అయితే, చేయని గంటకి బిల్లు వేస్తున్నారన్నమాట. ఆడిట్ వస్తే అందులో ఉండేది మీ పేరు, మీ సబ్మిట్ బటన్. మేనేజర్ నోటిమాటగా చెప్పాడు, రాసివ్వలేదు, గమనించారా? గొడవ పెట్టుకోవద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: "ఈ వారం క్లయింట్ పని ఇన్ని గంటలే ఉంది, మిగతా గంటలు ట్రైనింగ్ కోడ్ కింద వేయమంటారా, ఇంకేదైనా కోడ్ ఉందా చెప్పండి." నేను చూసినంతలో, రాతపూర్వకంగా అడిగితే చాలామంది మేనేజర్లు వెంటనే వేరే కోడ్ ఇస్తారు. ఇవ్వకపోతే అప్పుడు ఆలోచించాలి, ఎథిక్స్ హెల్ప్‌లైన్ లాంటిది ఉంటుంది, దాని ముందు మీ దగ్గర కాగితం ఉండాలి.

షోలింగనల్లూరు_అబ్బాయి:

అందరికీ థాంక్స్. అక్కా, మీ మాట చదివాక రెండ్రోజులు జవాబు రాయలేకపోయాను. "సర్దుతామన్నారు" అని నేను రాసింది మా నాన్న అన్న మాట, ఉన్నది ఉన్నట్టు దించేశాను. నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేసి, ఆ డబ్బు వద్దు అని చెప్పాను. "వాళ్ళే ఇస్తామంటుంటే నీకేంట్రా, కూతురికి ఇచ్చుకుంటారు" అన్నారు, అమ్మ ఫోన్ లాక్కుని, నీకు చెన్నై గాలి తగిలింది అంది. ఆ అమ్మాయితో మాట్లాడతాను అంటే ముందు ఒప్పుకోలేదు, తర్వాత నంబరు ఇచ్చారు. మాట్లాడాను. వాళ్ళ నాన్న ఊళ్ళో ఎకరం అమ్ముతున్నారట, ఆ అమ్మాయికి ఇష్టం లేదు, అడిగేవాళ్ళు లేక ఊరుకుంది. నాన్న ఇంకా మెత్తబడలేదు, ఏం జరుగుతుందో తెలియదు.

ఆయుధ పూజకి భోజనాల పని తీసుకున్నాను, పక్క_సీటు గారు చెప్పినట్టే ఐదు నిమిషాల్లో తేలిపోయింది, పెద్ద సీనేమీ లేదు. మెయిల్ రాసి డ్రాఫ్టులో పెట్టాను, సోమవారం పంపుతాను.

జీతాలబల్ల గారూ, ఒక సందేహం. మా ఇంటి ఓనరు పాన్ ఇవ్వనంటున్నారు, నిజం అద్దె 9,000 చూపించాలన్నా ఆయన పాన్ కావాలి కదా. అప్పుడేం చేయాలి?

పెరంబూరు_అక్క:

ఆ అమ్మాయితో మాట్లాడావు, మంచి పని చేశావు. మీ నాన్నతో ఫోన్లో తేలదు తమ్ముడూ, ఊరెళ్ళు. కోపంగా వెళ్ళకు. మీ అయ్యగారిని వెంట తీసుకెళ్ళు, ఆయనా ఆ వాక్యం చెప్పింది నిజమే అయితే వస్తాడు.

జీతాలబల్ల:

ఓనర్లు ఇవ్వకపోవడం మామూలే, వాళ్ళ గొడవలు వాళ్ళవి. ఆఫీసులో మినహాయింపు అడగకండి, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) కాస్త ఎక్కువ పోతుంది. అద్దె మాత్రం బ్యాంకు ద్వారానే పంపండి, నగదు ఇవ్వొద్దు, అగ్రిమెంటులో మీ పేరు ఉండేలా చూసుకోండి. జులైలో రిటర్న్ వేసేటప్పుడు రెండు విధానాల్లోనూ లెక్క వేయండి, జీతగాళ్ళు అప్పుడైనా విధానం మార్చుకోవచ్చు. మీ జీతానికి కొత్తదే తక్కువ వస్తుందని నా అంచనా, అప్పుడు ఓనరు పాన్‌తో పనే లేదు.